కంచె ఉండనివ్వండి, గేటు మాటేమిటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

పెద్ద అంతర్జాతీయ పోటీలు ఏ దేశంలో జరిగినా పత్రికల్లో ముఖ్యంగా రెండు లెక్కలే కనిపిస్తాయి: స్టేడియానికి ఎంత ఖర్చయింది, ఎవరికెన్ని పతకాలు వచ్చాయి. స్టేడియం గోడ పక్కనే ఇల్లున్నవాళ్ల ఊసు వస్తే గిస్తే ట్రాఫిక్ మళ్లింపు వార్తలో వస్తుంది. ఆ గోడ పక్కవాళ్ల తరఫున ఒక కోరిక వినిపించడానికే ఈ ఉత్తరం. వచ్చిన క్రీడాకారులను ఊరివాళ్లు కలుసుకునే వీలు నిర్వాహకుల దయ మీద ఆధారపడకూడదు. ఆతిథ్య ఒప్పందంలోనే దాన్ని రాయించాలి.

పక్కవాళ్లు ఏమేం భరిస్తారో ముందు చూడండి. 2012 లండన్ ఒలింపిక్స్ అప్పుడు లేటన్‌స్టోన్‌లోని ఫ్రెడ్ విగ్ టవర్ అనే నివాస భవనం పైకప్పు మీద సైన్యం క్షిపణులు పెట్టింది. కింద పిల్లాపాపలతో కాపురాలు, పైన క్షిపణులు! అందులో ఉండేవాళ్లు హైకోర్టుకు వెళ్లారు, ఓడిపోయారు. 2024లో పారిస్ ప్రారంభోత్సవాన్ని నది మీద జరిపింది. దానికోసం జూలై 18 నుంచి 26 దాకా సెన్ నది ఒడ్డున ఉండేవాళ్లు తమ ఇంటికి తాము పోవడానికి క్యూఆర్ కోడ్ చూపించాల్సి వచ్చింది. ఇంటికి ఎవరైనా వస్తే వాళ్లకీ ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. భద్రత అక్కర్లేదని నేననను. ఇంత ఓర్చుకున్నాక చేతికొచ్చేదేమిటన్నదే నా ప్రశ్న. టికెట్ దొరకనివాళ్లకు గుమ్మం ముందు జరిగే పోటీ కూడా టీవీలో చూడాల్సిందే. కేరింతలు కిటికీలోంచి ముందే వినిపిస్తాయి, గోల్ ఆ తర్వాత తెర మీద పడుతుంది. పక్కింటివాళ్లకు దక్కే ప్రత్యేక సౌకర్యం బహుశా అదొక్కటే.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1972లో మ్యూనిక్ క్రీడాగ్రామం చుట్టూ ఉన్నది రెండు మీటర్ల మామూలు కంచె. 1936 నాటి హిట్లర్ ఒలింపిక్స్ జ్ఞాపకాన్ని చెరిపేయాలన్న తపనతో జర్మన్లు కావాలనే కాపలాను తేలిగ్గా ఉంచారు. రాత్రి పొద్దుపోయి తిరిగొచ్చిన క్రీడాకారులు గేటు దాకా నడవలేక కంచె దూకేసేవారు. సెప్టెంబరు 5 తెల్లవారుజామున పాలస్తీనా సాయుధులూ ఆ కంచే దూకారు. ఇజ్రాయెల్ బృందంలో 11 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కంచె తగ్గించే సాహసం ఎవరూ చేయలేదు. చేయమని అడిగే హక్కు నాకూ లేదు. నేనడిగేది కంచెకు ఒక గేటు.

గేటు పెట్టి చూపించినవాళ్లు లేకపోలేదు. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో నగరంలోని ఒక్కో పేట సామాజిక భవనం ఒక్కో దేశాన్ని తన వంతుగా తీసుకుంది. అక్కడివాళ్లు ఆ దేశం గురించి తెలుసుకున్నారు, ఆ జట్టు కోసం గొంతు చించుకున్నారు. నాలుగేళ్ల తర్వాత నగానో శీతాకాల ఒలింపిక్స్‌లో ఇదే పద్ధతి బడులకు వచ్చింది: ఒక బడికి ఒక దేశం. ఆ తర్వాత మరికొన్ని ఆతిథ్య నగరాలూ దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఇందులో నాకు నచ్చిన సంగతి, అమెరికా, చైనాల వెంట ఎలాగూ జనం పడతారు, కానీ పంపకంలో చిన్న దేశానికీ ఒక బడి వస్తుంది. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లతో వచ్చిన దేశానికి కూడా గ్యాలరీలో తన పేరు అరిచే పిల్లలు దొరుకుతారు.

అన్నిటికన్నా నకత్సుయే కథ చెప్పాలి. 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌కు ముందు కామెరూన్ జట్టు శిక్షణ శిబిరం జపాన్ కొండల్లోని ఈ పల్లెలో ఏర్పాటైంది. జనాభా వెయ్యి పైచిలుకు. బోనస్ డబ్బుల తగవుతో జట్టు చెప్పిన రోజుకు రాలేదు. రేపు, ఎల్లుండి అంటూ రోజులు గడిచాయి. చివరికి ఒక రాత్రి పన్నెండు దాటాక ఆటగాళ్లు పల్లెలో అడుగుపెట్టేసరికి జనం ఇంకా మేలుకునే ఉన్నారు. ఆ జట్టు గ్రూప్ దశలోనే ఇంటిముఖం పట్టింది. పల్లెకు మాత్రం కామెరూన్‌తో చుట్టరికం మిగిలింది. 2005లో పల్లె హితా నగరంలో కలిసిపోయాక కూడా ఆ చుట్టరికం తెగలేదు.

టోక్యో ఒలింపిక్స్ సంగతీ అంతే. 2019 నవంబరులో దక్షిణ సూడాన్ క్రీడాకారులు కొద్దిమంది సాధన కోసం మాయెబాషి నగరానికి వచ్చారు. కరోనాతో పోటీలు ఏడాది వాయిదా పడ్డాయి. తిరిగి పంపేద్దామని నగరం అనుకోలేదు. విరాళాలు పోగుచేసి 2021 పోటీల దాకా వాళ్లను అక్కడే ఉంచుకుంది. వాళ్లు నగరపాలక సంస్థ మైదానంలో పరుగెత్తారు, జపనీస్ నేర్చుకున్నారు. ఆ పోటీల్లోనే దాదాపు అన్ని స్టేడియాలకూ ప్రేక్షకులను రానివ్వలేదని, పోటీ ముగిసిన క్రీడాకారులు 48 గంటల్లో క్రీడాగ్రామం ఖాళీ చేయాలని నిబంధన పెట్టారని గుర్తుచేసుకుంటే మాయెబాషి చేసింది ఎంత పెద్ద పనో తెలుస్తుంది.

ఇలాంటి ముచ్చట నాకూ ఒకటుంది. ఒకప్పుడు నేనున్న చోటికి దగ్గర్లో ఒక సాధన మైదానం విదేశీ జట్లకు ఇచ్చారు. అక్కడి కాపలా మనిషి కాస్త మంచివాడు, పక్క వీధి పిల్లలు ఇనుప గేటు పట్టుకుని నిలబడితే కసురుకునేవాడు కాదు. ట్రిపుల్ జంప్ చేసే అమ్మాయి ఒకామె రోజూ వచ్చీరాగానే పొడవాటి కొలత టేపు తీసేది. దూకే పలక దగ్గర్నుంచి వెనక్కి కొలుచుకుంటూ వెళ్లి, పరుగు మొదలెట్టాల్సిన చోట తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించేది. పరుగెత్తి చూసుకునేది. కాలు పలక దాటితే ఆ ముక్క పీకి అరచేయంత వెనక్కి జరిపేది. ఒకరోజు టేపు అవతలి కొస పట్టుకునే మనిషి లేక గేటు వైపు చూసింది. కాపలా మనిషి ఒక పిల్లను లోపలికి వదిలాడు. ఆ పిల్ల పలక దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగపట్టి టేపు కొసను బొటనవేలితో నొక్కిపట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. కాసేపటికి ఆ పిల్లే వేలు చూపించి ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి అని సైగ చేయడం మొదలుపెట్టింది! ఆ అమ్మాయికి పతకం రాలేదు. మా వీధి పిల్లలు మాత్రం చాలా కాలం మట్టిలో గీత గీసి, చెప్పు గుర్తుగా పెట్టి దూకుతూనే ఉన్నారు.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. పోటీకి ముందు క్రీడాకారుడికి ఏకాంతం కావాలి. నాలుగేళ్ల కష్టం ఒక్క జలుబుతో గంగలో కలిసిపోవచ్చు. కొందరు కోచ్‌లకు సాధన బయటపడటమే ఇష్టముండదు. ఇవన్నీ న్యాయమైనవే. అదీకాక మనవాళ్లలో చాలామందికి కలవడమంటే సెల్ఫీయే. భుజం మీద చేయి వేయడం, ఫోన్ ఎత్తడం, మనిషి పేరైనా అడక్కుండా వెళ్లిపోవడం. దాన్ని ఎవరైనా ఎందుకు భరించాలి?

అందుకే నేను చెప్పేది పోటీ ముగిసినవాళ్ల గురించి. పెద్ద పోటీలకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది పతకం లేకుండానే తిరిగి వెళతారు. చాలామంది తొలి రౌండ్‌లోనే ఓడిపోతారు. తిరుగు విమానం దాకా వాళ్లకు బోలెడు ఖాళీ. వాళ్లు ఆ ఊరిలో చూసింది విమానాశ్రయం, బస్సు, క్రీడాగ్రామం, స్టేడియం. పారిస్‌లో ట్రొకడెరో దగ్గర ఛాంపియన్స్ పార్క్ పెట్టి పతక విజేతలను ఉచితంగా జనం ముందుకు తెచ్చారు. ఒలింపిక్ మారథాన్ దారిలోనే 20,024 మంది మామూలు జనానికి రాత్రిపూట పరుగెత్తే అవకాశమిచ్చారు. రెండూ మంచి పనులే. కానీ పతకమొచ్చినవాడి చుట్టూ కెమెరాలు ఎలాగూ ఉంటాయి. ముప్ఫై నాలుగో స్థానంలో వచ్చినవాడిని పక్క వీధి బడికి తీసుకెళ్లి కూర్చోబెడితే వాడు చెప్పేది పిల్లలకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. క్రీడాకారుల ఇష్టం మీదే జరగాలి. బలవంతం వద్దు, ప్రాయోజకుల బ్యానర్లు అసలే వద్దు. సాధన మైదానాల్లో జట్టు ఒప్పుకున్న రోజున చుట్టుపక్కల వీధులవాళ్లకు పేర్లు నమోదు చేసుకుని గంటసేపు ప్రవేశం ఇవ్వాలి. బడికో దేశం పద్ధతి పోటీలకు ఏడాది ముందే మొదలవ్వాలి. వాహనాల పాసులకు పెట్టే శ్రద్ధలో పదోవంతు పెట్టినా ఇది నడుస్తుంది.

మామూలు మనిషి ఉత్తరం రాస్తే ఏమవుతుందని నవ్వేవాళ్లకు ఒక సంగతి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ హంగేరీ తిరుగుబాటును సోవియట్ సైన్యం అణచివేయడం, సూయెజ్ కాలువ కోసం యుద్ధం వంటి గొడవల మధ్య జరిగాయి. అక్కడే ఉండే జాన్ ఇయాన్ వింగ్ అనే 17 ఏళ్ల చైనా మూలాల కుర్రాడు, వడ్రంగం నేర్చుకుంటున్నవాడు, నిర్వాహకులకు ఉత్తరం రాశాడు. ముగింపు రోజున దేశాలవారీగా కాకుండా అందరూ కలిసిపోయి నడవాలని అతని సూచన. కొద్ది రోజులే గడువున్నా వాళ్లు ఒప్పుకున్నారు. ముగింపు వేడుకల్లో నేటికీ అలాగే నడుస్తున్నారు.

చివరగా మీకూ ఒక మనవి. ఈసారి ఎక్కడి పోటీలకైనా మీ విలేకరిని పంపితే, తొలి రౌండ్‌లో ఓడిన నలుగురితో కూడా మాట్లాడమనండి. ఆ ఊరిలో ఎక్కడెక్కడికి వెళ్లగలిగారో, స్థానికులు ఎవరైనా పలకరించారో అడిగి, వాళ్లు చెప్పింది పతకాల పట్టిక పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు