తొడల దగ్గర ఆగిపోయిన 'హోల్ బాడీ' స్కాన్: రిపోర్టు సవరణ కోసం ఫిర్యాదు

గ్రీవెన్స్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మా నాన్నగారి పెట్-సీటీ రిపోర్టు సరిదిద్దడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మా నాన్నగారికి మీ హైదరాబాద్ సెంటర్‌లో పెట్-సీటీ (సూదితో ఎక్కించిన రేడియోధార్మిక మందు జబ్బున్న చోట్ల పేరుకుని వెలుగుతూ కనిపించే స్కాన్) చేయించాం. 'నడినెత్తి నుంచి కాలివేళ్ల దాకా' తీయాలని డాక్టర్ గారు చీటీలో రాసి, కింద రెండు గీతలు గీసి మరీ ఇచ్చారు. మీవాళ్లు పుర్రె అడుగు నుంచి తొడల సగం వరకే తీశారు. పైగా రిపోర్టు మీద 'హోల్ బాడీ' అని వేసి, 'చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు' అని తేల్చేశారు. చూడని కాళ్లలో, చూడని మెదడులో లోపం లేదని ఎలా రాస్తారు?

నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులు ఏళ్లుగా ఉన్నాయి. అరుగుదలే అన్నారు అందరూ. తర్వాత ఆగని దాహం, రాత్రంతా మూత్రానికి లేవడం మొదలైంది. షుగర్ చూపిస్తే నార్మల్. ఆపైన నడక తూలింది, మాట ముద్దయింది. మందు ముట్టని మనిషిని పట్టుకుని బజార్లో తెలిసినవాళ్లే 'పొద్దున్నే వేసుకొచ్చాడు' అన్నారు. ఎంఆర్ఐలో చిన్నమెదడులో, మెదడు కాండంలో మచ్చలు కనిపించాయి. ఒకరు టీబీ అన్నారు, ఇంకొకరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బన్నారు. చివరికి ఒక న్యూరాలజిస్టు మోకాళ్లనీ దాహాన్నీ తూలునీ ఒకచోట పెట్టి చూసి ఎర్డ్‌హైమ్-చెస్టర్ జబ్బేమోనని అనుమానించారు. హిస్టియోసైట్లనే కణాలు ఎముకల్లో, మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి దగ్గర, కొందరిలో మూత్రపిండాల చుట్టూ, మెదడులోనూ పేరుకునే అరుదైన జబ్బు అది.

ఆ చీటీలో కాళ్లు ఎందుకున్నాయో మీ రేడియాలజిస్టుకు నేను చెప్పాల్సిన పని లేదు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి తొడ ఎముక కింది కొస, మోకాలి కింది పెద్ద ఎముక పై కొస రెండు కాళ్లలోనూ ఒకేలా దెబ్బతింటాయి. జబ్బు ఖాయం చేయాలంటే ముక్క తీసి పరీక్షించాలి (బయాప్సీ). మెదడు కాండం నుంచి ముక్క తీయడం ప్రాణం మీదికి తెచ్చే పని. మోకాలి దగ్గర ఎముక నుంచి తీయడంలో ఆ భయం లేదు. అంటే మీరు వదిలేసింది ఈ స్కాన్‌లో అన్నిటికన్నా అవసరమైన చోటు.

మీ రిపోర్టు చూసి ఆస్పత్రిలో మెదడు బయాప్సీ మాట ఎత్తారు. సంతకం పెట్టాలా వద్దా అని ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. న్యూరాలజిస్టు సీడీ పెట్టి చూస్తుంటే స్క్రీన్ మీద బొమ్మ తొడల దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయింది. "మోకాళ్లేవమ్మా?" అని నన్నడిగారు.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "అందరికీ అదే ప్రోటోకాల్ మేడమ్, కాళ్లకు ఎక్స్‌ట్రా అవుతుంది" అన్నారు. ఆ మాట బిల్లు కట్టేముందు చెప్పి ఉంటే అప్పుడే కట్టేవాళ్లం. ఎక్కించిన మందులోని ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం దాదాపు 110 నిమిషాలకోసారి సగమైపోతుంది. ఇంటికెళ్లాక వచ్చి మిగతాది తీయించుకుంటామంటే కుదరదు. మళ్లీ పస్తు, మళ్లీ సూది, మళ్లీ రేడియేషన్. ఇంకో సంగతి. మంచినీళ్లు తాగొచ్చని మీ సూచనల కాగితంలోనే ఉన్నా, రిసెప్షన్‌లో నాన్న చేతిలోంచి బాటిల్ తీసేసుకున్నారు. డయాబెటిస్ ఇన్సిపిడస్ (షుగర్‌తో సంబంధం లేకుండా ఒంట్లో నీరు నిలవక మూత్రంగా పోయే జబ్బు; నాన్న దాహానికి కారణం ఇదే) ఉన్న మనిషికి నీళ్లు ఆపడం ప్రమాదమని నేను బతిమాలాల్సి వచ్చింది. నరం దొరక్క ఓపిగ్గా వెతికిన నర్సమ్మ మీద మాత్రం నాకే కోపమూ లేదు.

"చాలా రేర్ కదా మేడమ్" అని కూడా అన్నారు. 1930లోనే విలియం చెస్టర్ వైద్య పత్రికకెక్కించిన జబ్బిది. స్కాన్‌లో కాళ్ల చివర్ల దాకా చూడాలని అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాల్లో ఉంది. అయినా మీరు జబ్బు కనిపెట్టనక్కర్లేదు. చీటీ చదివితే చాలు.

వేరేచోట పూర్తి స్కాన్ చేయించాం. రెండు మోకాళ్లూ వెలిగాయి. ఎముక ముక్కలో కొవ్వు నిండి నురగలా ఉన్న హిస్టియోసైట్లు కనిపించాయి. కణాల రకం తేల్చే పరీక్షల్లో సీడీ68 పాజిటివ్, సీడీ1ఏ నెగటివ్. ఈ జబ్బులో కనిపించే తీరే అది. బ్రాఫ్ అనే జన్యువులో వీ600ఈ మ్యుటేషన్ (మార్పు) కూడా తేలింది. ఆ మార్పు ఉన్నవాళ్లకు పనిచేసే వెమురాఫెనిబ్ అనే మందును ఈ జబ్బుకు అమెరికాలో 2017లోనే అనుమతించారు. మెదడు మీద జబ్బు నడుస్తున్నప్పుడు ఆ మందు ఆలస్యమవడం చిన్న విషయం కాదు.

రెండో స్కాన్ బిల్లును ఇన్సూరెన్స్ వాళ్లు తిప్పికొట్టారు. హోల్ బాడీ స్కాన్ నార్మల్ వచ్చాక మళ్లీ ఎందుకు తీశారని వాళ్ల ప్రశ్న. దానికి మూలం మీ రిపోర్టే.

కాబట్టి ఎక్కడినుంచి ఎక్కడిదాకా తీశారో, డాక్టర్ అడిగినదాంట్లో ఏది తీయలేదో స్పష్టంగా రాసి, సవరించిన రిపోర్టు రేడియాలజిస్టు సంతకంతో ఇవ్వండి. అన్నిటికన్నా ముందు నాకు కావలసింది ఆ కాగితం. మీ స్కాన్ డబ్బు వాపసు చేయండి. రెండో స్కాన్ ఖర్చూ మీరే భరించండి. తొడల వరకే తీసే ప్యాకేజీకి 'హోల్ బాడీ' అన్న పేరు తీసేయండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

జత చేసినవి: డాక్టర్ చీటీ, మీ బిల్లు, రిపోర్టు, సీడీ నకలు, రెండో స్కాన్ రిపోర్టు, బిల్లు, బయాప్సీ రిపోర్టు, ఇన్సూరెన్స్ వాళ్ల తిరస్కరణ లేఖ.

ఇట్లు,
పేషెంట్ కుమార్తె,
కరీంనగర్