ఫిట్స్ మందు మీద ఉన్నవాళ్లకు కొత్తగా మత్తు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. మా తమ్ముడికి 34 ఏళ్లు. పదో తరగతి చదివేటప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. పోయిన ఏడాది దాకా ఆరేళ్లు సోడియం వాల్‌ప్రోయేట్ మాత్రలు వేసుకున్నాడు. ఆ మాత్రల వల్లే వాడు మెకానిక్ పని నేర్చుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. ఆ మందు చెడ్డదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. దాని గురించి మాకెవరూ చెప్పని ఒక సంగతి మీ పాఠకులకు తెలియాలని రాస్తున్నాను.

పోయిన ఎండాకాలంలో ఫిట్స్ మళ్లీ రెండుసార్లు వస్తే, డాక్టరు టోపిరామేట్ అనే ఇంకో మాత్ర జోడించారు. రెండు వారాలు తిరక్కుండానే మనిషి మారిపోయాడు. ఎప్పుడు చూసినా నిద్రే. పొద్దున లేవగానే వాంతులు. ఒక రోజు మధ్యాహ్నం అన్నం కలుపుకొని, ముద్ద చేతిలో పట్టుకొని అలాగే కూర్చుండిపోయాడు. పప్పు మోచేతి దాకా కారుతున్నా తెలియలేదు. "తమ్మీ" అని పిలిస్తే నా వైపు చూశాడు కానీ నేనెవరో పోల్చుకోలేకపోయాడు. "కొత్త మందు పవరు ఎక్కువైనట్టుంది, పండుకోనియ్ బిడ్డా" అంది అమ్మ. మేమూ అదే అనుకున్నాం. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు సెలైన్ పెట్టాడు. దగ్గర్లోని ఆస్పత్రిలో షుగరు, లివరు పరీక్షలు చేసి అన్నీ నార్మల్ అన్నారు. అలా నాలుగు రోజులు పోయాయి.

చివరికి వరంగల్‌లో ఒక డాక్టరు వాణ్ని రెండు చేతులూ ముందుకు చాపమన్నారు. చాపిన చేతులు నిలవలేదు, మణికట్ల దగ్గర టపటపా పడిపోతూ లేస్తున్నాయి. ఆయన వెంటనే రక్తంలో అమోనియా చూడమన్నారు. చాలా ఎక్కువగా ఉంది. స్కాన్‌లో మెదడు కొంచెం ఉబ్బిందని తేలింది. 'మెదడు వాపు' అనే మాట వినగానే అమ్మ దోమల గురించి ఏడవడం మొదలుపెట్టింది. మన దగ్గర ఆ మాట అంటే దోమలు, పందులు, 1999లో పసిపిల్లలు పోయిన రోజులే గుర్తొస్తాయి. మందు వల్ల కూడా మెదడు ఉబ్బుతుందని మాకెలా తెలుస్తుంది?

డాక్టరు ఓపిగ్గా చెప్పారు. మనం తిన్న మాంసకృత్తులు అరిగాక అమోనియా పుడుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపించేయాలి. వాల్‌ప్రోయేట్ కొందరిలో ఈ పనికి అడ్డం పడుతుంది. టోపిరామేట్ తోడైతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మిగిలిపోయిన అమోనియా మెదడుకు చేరితే అక్కడి కణాలు దాన్ని గ్లుటమైన్ అనే పదార్థంగా మారుస్తాయి. అది నీటిని లాక్కుంటుంది. రాత్రి నానేసిన శనగల్లా కణాలు ఉబ్బుతాయి, పుర్రెలో ఉన్న చోటేమో పెరగదు. లివరు పరీక్ష నార్మల్‌గా ఉన్నా ఇది రావచ్చు. మేం నాలుగు రోజులు పోగొట్టుకున్నది అక్కడే.

వాల్‌ప్రోయేట్ ఆపి, ఫిట్స్ రాకుండా వేరే మందు వేసి, అమోనియా తగ్గడానికి కార్నిటిన్ అనే మందు ఎక్కించారు. మూడో రోజు వాడు "అక్కా, చాయ్" అన్నాడు.

ఇది చదివి ఎవరూ భయపడి మాత్రలు మానేయకూడదు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఈ మందు వాడేవాళ్లలో అమోనియా కాస్త పెరిగినా చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు, మెదడు ఉబ్బేదాకా వెళ్లడం అరుదు. కానీ కొత్తగా మత్తు, వాంతులు, తికమక మాటలు, నడకలో తూలడం కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి, "అమోనియా పరీక్ష అవసరమా?" అని అడగాలి. ఈ మందు రకరకాల బ్రాండ్ పేర్లతో వస్తుంది. స్ట్రిప్ మీద పెద్ద పేరు కింద సన్న అక్షరాల్లో వాల్‌ప్రోయేట్ అనో డైవాల్‌ప్రోయెక్స్ అనో ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఫిట్స్‌కే కాదు, బైపోలార్ జబ్బుకూ మైగ్రేన్‌కూ కూడా ఇస్తారు.

ఆ పరీక్ష దొరకడం ఇంకో కష్టం. రక్తం తీసిన గొట్టాన్ని వెంటనే ఐసులో పెట్టి, ఆలస్యం లేకుండా పరీక్షించాలట. లేకపోతే గొట్టంలోనే అమోనియా పెరిగి రిపోర్టు తప్పు వస్తుంది. మేం ముందు అడిగిన ల్యాబులో శాంపిల్ హైదరాబాద్ పంపిస్తాం, మూడు రోజులు పడుతుంది అన్నారు. జిల్లాల్లోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాల్లో ఈ పరీక్ష అదే రోజు జరిగేలా ప్రభుత్వం చూడాలి.

మందు వికటిస్తే మామూలు మనుషులు కూడా ఫిర్యాదు చేయవచ్చని మాకు ఆ తర్వాతే తెలిసింది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి కేంద్రం 2010లో మొదలుపెట్టిన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. తమ్ముడి సంగతి నేను ఫోన్ చేసి చెప్పాను. ఈ నంబరును ప్రతి మందుల షాపులో కనపడేలా అతికించాలి.

మా వీధిలో ఐదేళ్ల పాపకు ఇదే మందు సిరప్‌గా వేస్తున్నారు. సీసాతో వచ్చే కాగితం ఇంగ్లిష్‌లో, చీమ తలంత అక్షరాల్లో ఉంది. నేను నోటుపుస్తకంలో కాగితం చింపి పై లక్షణాలు తెలుగులో రాసి వాళ్లమ్మకు ఇచ్చాను. ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. వాల్‌ప్రోయేట్ అమ్మే ప్రతి షాపూ అలాంటి తెలుగు కాగితం ఒకటి మందుతో పాటు ఇచ్చేలా ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశాలివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
నర్సంపేట, వరంగల్ జిల్లా