మన ఫార్మసీ ఫాక్స్ గురించి, మీకొచ్చిన మెసేజ్‌ల గురించి

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మన ఫార్మసీకి వచ్చే వాళ్ళందరి కోసం రాస్తున్నాను, ముఖ్యంగా పోయిన సోమవారం పొద్దున పాపని భుజం మీద వేసుకుని 40 నిమిషాలు కౌంటర్ దగ్గర నిలబడిన అమ్మాయి కోసం. ఆ రోజు హడావిడిలో ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేకపోయాను.

పాప యాంటీబయాటిక్ ప్రిస్క్రిప్షన్ అర్జంట్ కేర్ (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్) వాళ్ళు ముందురోజు రాత్రే ఫాక్స్ చేశారు. ఇప్పుడు చాలావరకు కంప్యూటర్‌లోనే వచ్చేస్తున్నాయి గానీ కొన్ని క్లినిక్‌లు, డెంటిస్టులు ఇంకా ఫాక్సే పంపుతారు, అందుకే ఆ మెషీన్ తీసెయ్యలేం. పొద్దున షాప్ తెరిచేసరికి ట్రేలో పేపర్ అయిపోయింది, కింద నేలమీద కాగితాలు పడున్నాయి, తీసి చూస్తే రూఫ్ రిపేర్, బిజినెస్ లోన్, బీచ్ ట్రిప్, మళ్ళీ అదే బిజినెస్ లోన్, ఒకటైతే పేజీ అంతా నల్లగా మధ్యలో తెల్ల అక్షరాలు, టోనర్ మొత్తం దానికే పోయింది. లెక్కపెడితే 23. కొత్త పేపర్ పెట్టాక మెమరీలో ఇరుక్కున్న ఇంకో ఆరు యాడ్స్ బయటికొచ్చి, వాటి వెనకాల పాప ప్రిస్క్రిప్షన్ వచ్చింది. ఈలోపు క్లినిక్‌కి ఫోన్ చేస్తే హోల్డ్‌లో పెట్టారు. జ్వరంతో ఉన్న బిడ్డతో అంతసేపు నిలబెట్టాం, క్షమించమ్మా. రాత్రి షాప్ మూసేముందు పేపర్ చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు.

నిజానికి ఇలా అడగని యాడ్స్ ఫాక్స్ చెయ్యకూడదని అమెరికాలో 1991లోనే చట్టం చేశారు, టీసీపీఏ అంటారు, అడగని సేల్స్ కాల్స్‌ని అదుపు చేసే చట్టం. యాడ్ వాళ్ళది, కాగితం టోనర్ మనవి, పైగా అది వస్తున్నంతసేపూ లైన్ బిజీ, అందుకే ఫాక్స్‌ని కూడా అందులో పెట్టారు. ఒక్కో ఫాక్స్‌కి 500 డాలర్లు, కావాలనే చేశారని తేలితే 1500 దాకా కోర్టు ఇప్పించొచ్చు. 2005లో ఒక సవరణ వచ్చింది, మనతో వ్యాపారం ఉన్నవాళ్ళు పంపుకోవచ్చు గానీ మొదటి పేజీ మీదే వద్దని చెప్పే దారి, డబ్బులు పడకుండా, చూపించాలి, మనం వద్దన్నాక 30 రోజుల్లో ఆపాలి. నేను మొదట లెక్కపెట్టిన 23లో సగానికి పైగా ఆ లైనే లేదు. మందుల హోల్‌సేల్ కంపెనీ మెకెసన్ మీద ఒక చిన్న కైరోప్రాక్టిక్ (వెన్ను, కీళ్ళ నొప్పులకి చేత్తో వైద్యం చేసే) ఆఫీస్ ఇలాంటి ఫాక్సుల గురించే వేసిన కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది, 2025 జూన్‌లో తీర్పు కూడా వచ్చింది. ఆన్‌లైన్‌లో వచ్చే ఫాక్సులకి ఈ చట్టం వర్తించదని ఎఫ్‌సీసీ, అంటే ఫోన్లు, ఫాక్సుల రూల్స్ చూసే ప్రభుత్వ సంస్థ, 2019లో చెప్పింది, కింది కోర్టులు ఆ మాటకి కట్టుబడి ఉండక్కర్లేదు, చట్టం చదివి వాళ్ళే తేల్చుకోవాలన్నారు. నాది కాగితం తినే మెషీనే కాబట్టి ఆ సందేహం కూడా లేదు. ఆ కాగితాలన్నీ తేదీలతో ఫైల్‌లో పెట్టాను, ఎఫ్‌సీసీకి కంప్లైంట్ రాశాను.

ఇక రెండో విషయం, ఇది చెప్పడానికి నాకు ఎక్కువ కష్టంగా ఉంది. ఆ బుధవారమే మన పాత కస్టమర్ ఒక పెద్దాయన వచ్చి ఫోన్ తీసి చూపించారు. విటమిన్ల ఆఫర్ మెసేజ్, మన ఫార్మసీ నుంచే. "అమ్మా, ఇవి వద్దని నెల కిందటే ఇక్కడే చెప్పాను, ఇంకా వస్తూనే ఉన్నాయి" అన్నారు. కోపంగా కూడా అనలేదు. వెతికితే ఆయన చెప్పినప్పుడు మా వాళ్ళు రాసుకున్న పసుపు చీటీ కీబోర్డ్ కిందే ఉంది, లిస్ట్‌లోంచి పేరు ఎవరూ తియ్యలేదు. 2025 ఏప్రిల్ నుంచి రూల్ ఏంటంటే, స్టాప్ అని రిప్లై ఇచ్చినా, ఫోన్‌లో చెప్పినా, నోటితో చెప్పినా, మామూలుగా అర్థమయ్యేలా ఎలా చెప్పినా సరే పది పని రోజుల్లోపు ఆపాలి. ఇంకొకళ్ళ కాగితాలు నేను కోపంగా ఏరుకుంటున్న వారంలోనే నేనూ ఆయనకి అదే చేశానన్నమాట. ఆఫర్ మెసేజ్‌లన్నీ ఆపేశాను. కావాలనుకునేవాళ్ళు మళ్ళీ సంతకం పెట్టి ఇస్తేనే పంపుతాం. మందు రెడీ అయిందని వచ్చేవి యాడ్స్ కావు, అవి వస్తాయి, అవీ వద్దంటే చెప్పండి ఆపేస్తాం.

చాలామంది ఇంట్లో పెద్దవాళ్ళకి వచ్చే కాల్స్ గురించి కూడా అడుగుతున్నారు. సేల్స్ కాల్స్ వద్దనుకునేవాళ్ళు తమ నంబర్ పెట్టుకునే ప్రభుత్వ డు నాట్ కాల్ లిస్ట్ 2003 నుంచి ఉంది, పూర్తిగా ఫ్రీ, ఒకసారి పెడితే మళ్ళీ రెన్యూ చెయ్యక్కర్లేదు. పెట్టాల్సిన ఫోన్ నుంచే 1-888-382-1222కి చెయ్యాలి. 31 రోజులయ్యాక కూడా సేల్స్ కాల్స్ వస్తే కంప్లైంట్ ఇవ్వచ్చు. విరాళాలు, ఎలక్షన్లు, సర్వేల వాళ్ళు మాత్రం చెయ్యచ్చు, మోసగాళ్ళు ఎలాగూ లిస్ట్ చూడరు, అందుకని మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నుంచి అంటూ మెడికేర్ నంబర్ అడిగితే అమ్మానాన్నలకి ఒకటే చెప్పండి, ఏ బటనూ నొక్కకుండా ఫోన్ పెట్టెయ్యమనండి. లిస్ట్‌లో పెడతాం డబ్బు కట్టండి అని ఎవరన్నా ఫోన్ చేస్తే అదీ మోసమే.

కౌంటర్ మీద ఎర్ర అట్ట పుస్తకం ఒకటి పెట్టాం, మెసేజ్‌లు వద్దనేవాళ్ళ పేర్లు అందులో రాసి ఆ సాయంత్రమే నేను కూర్చుని తీసేస్తాను. మొదటి పేరు ఆ పెద్దాయనదే. ఈ శనివారం 10 నుంచి 2 దాకా నేను ఖాళీగానే ఉంటాను, అమ్మావాళ్ళ ఫోన్ తీసుకొస్తే అక్కడికక్కడే లిస్ట్‌లో పెట్టించేస్తాను.