మీ నాన్నగారి బండి ఎంత చేస్తుంది?

గుంటూరు,
12-1-2026

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. షోరూమ్ వాళ్లిచ్చిన కొటేషన్ కాగితం కూడా జతచేసి మంచి పని చేశావు, అది లేకపోతే లెక్క తేలేది కాదు. మీ నాన్నగారి పాత బండి ఇచ్చి కొత్తది తీసుకుంటే, పాత బండికి 9,000, పండుగ ఎక్స్ఛేంజ్ బోనస్ 3,000, మొత్తం 12,000 ఇస్తామన్నారని రాశావు. ‘పదిహేనేళ్లు నిండబోతున్న బండికి ఇంతకన్నా ఎవరిస్తారు’ అని వాళ్లన్న మాటకు నువ్వు సరేననేలా ఉన్నావు. నాకు మాత్రం మనసొప్పలేదు. ఆ బండి నాకు తెలియనిది కాదు కదా. 2011 జూలైలో మీ నాన్నగారు దాన్ని ఇంటికి తెచ్చిన రోజు, ట్యాంకు మీది హీరో హోండా అక్షరాలను మనిద్దరం వేలితో తడిమి చూశాం. ప్రతి ఆదివారం ఆయన పాత పంచె ముక్క తీసుకుని, గడప దగ్గర పీట వేసుకుని, స్పోకులు ఒక్కొక్కటే తుడిచేవారు. అలా చూసుకున్న బండిని కిక్కు కొట్టి చూడకుండానే, ఆర్‌సీ మీద తేదీ చూసి ధర చెప్పేశారంటే నాకు బాధేసింది.

ముందు ఆ బోనస్ సంగతి. ఆ 3,000 బండి ధరలో భాగం కాదు. కొత్త బండి అమ్ముడుపోవాలని ఇచ్చే తగ్గింపు అది. కాబట్టి నువ్వు మళ్లీ షోరూమ్‌కి వెళ్లి ఒక్క ప్రశ్న అడుగు: ‘పాత బండి ఇవ్వకుండా, డబ్బు మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?’ ఆ జవాబును నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించుకో. ఎక్స్ఛేంజ్‌తో నువ్వు కట్టాల్సింది ఎంత, ఎక్స్ఛేంజ్ లేకుండా కట్టాల్సింది ఎంత, ఆ రెండింటి మధ్య తేడా ఎంత ఉంటుందో అంతే మీ నాన్నగారి బండికి వాళ్లు కట్టిన వెల. మిగిలిన అంకెలు ఎన్ని చెప్పినా పట్టించుకోకు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. 2019లో నా పల్సర్ ఇచ్చి కొత్త బండి తీసుకున్నాను, గుర్తుందా? పల్సర్‌కి 18,000 అన్నారు. మా వీధి మెకానిక్ 16,000 ఇస్తానన్నాడు కాబట్టి షోరూమే మేలనుకున్నాను. ఆన్‌రోడ్ ధర 90,000 వేశారు, 18,000 పోగా 72,000 కట్టి వచ్చాను. అదే నెలలో మా ఎదురింటాయన అదే షోరూమ్‌లో అదే మోడల్ కొన్నాడు. ఎక్స్ఛేంజ్ లేదు. ఆయన కట్టింది 85,000. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నా కాగితంలో హ్యాండ్లింగ్ చార్జీలు, అక్సెసరీలు అని రెండు వరుసలు ఎక్కువున్నాయి. అంటే నా పల్సర్‌కి నిజంగా వచ్చింది 13,000. మెకానిక్ చెప్పిన దానికన్నా 3,000 తక్కువ. నీ కొటేషన్‌లో కూడా ఆ రెండు వరుసలు ఉన్నాయి, చూసుకో. జీవిత పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ తప్పవు. ప్రమాదంలో ఎదుటివాళ్లకు జరిగే నష్టాన్ని చూసుకునే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొత్త బండికి అయిదేళ్లకు తీసుకోవడం 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి కూడా. ఇవి కాక ఏది రాసినా ‘ఇది దేనికండీ, దీనికి రసీదు ఇస్తారా?’ అని అడుగు.

షోరూమ్ వాళ్ల మాటలో న్యాయమైనది ఒకటుంది, అదీ చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బైకులపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 80,000 ఉన్న బండి దాదాపు 73,750కి దిగింది. కొత్తదే అంత దిగినప్పుడు పాత వాటి ధరలూ కొంత దిగుతాయి. మీ బావ రెండేళ్ల కిందట అమ్మిన ధరతో ఇప్పుడు పోల్చుకోకు.

ఇక అసలు విషయం, కాగితాలు. బండి ఇప్పటికీ నాన్నగారి పేరు మీదే ఉందని రాశావు. ఆయన పోయి అయిదు నెలలవుతోంది. బండి యజమాని చనిపోతే 30 రోజుల్లోపు ఆర్టీవోకి తెలియజేయాలి, మూడు నెలల్లోపు వారసుల పేరుకు మార్పించుకోవాలి. దానికి ఫారం 31 ఉంటుంది. ఆ ఇంట్లో అప్పుడున్న పరిస్థితి నాకు తెలుసు, ఆలస్యమైనందుకు నిన్ను తప్పుపట్టడం లేదు. ఇప్పుడైనా మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మ, చెల్లి అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్ పట్టుకుని వెళ్లు. ఆలస్యానికి రుసుము పడితే కట్టేయి. నీ పేరుకు మారనిదే నువ్వు ఎవరికీ సక్రమంగా అమ్మలేవు. ‘అవన్నీ మేం చూసుకుంటాం, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి వెళ్లండి’ అని ఎవరైనా అంటే బండితో సహా వెనక్కి వచ్చేయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా పల్సర్ విషయంలో ఆ సంతకాలే పెట్టాను. రెండేళ్ల తరువాత ఒక రోజు మధ్యాహ్నం ఫోనుకి చలానా వచ్చింది. తెరిచి చూస్తే నా బండే. ఎడమవైపు ట్యాంకు మీద మా వాడు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు అలాగే ఉంది. నడుపుతున్నవాడు ఎవరో కుర్రాడు, హెల్మెట్ లేదు, వెనక ఇద్దరు కూర్చున్నారు. చలానా డబ్బు గురించి కాదు, ఆ ముగ్గురికీ ఏదైనా అయితే ఎలా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. షోరూమ్ చుట్టూ నెల రోజులు తిరిగితే గానీ ఆ బండి పేరు మారలేదు. ఎవరికిచ్చినా సరే, ఆర్‌సీలో కొత్త పేరు పడేదాకా కొంత డబ్బు పట్టుకునే ఉంటానని ముందే చెప్పు. నాన్నగారి పేరు మీద పాత చలానాలు ఏమైనా ఉంటే కూడా ఇప్పుడే చూసి కట్టేయి. బేరమప్పుడు వాళ్లు చూపిస్తే రెండింతలు కోస్తారు.

రెండో కాగితం ఆర్‌సీ గడువు. 2011 జూలై బండి కాబట్టి 2026 జూలైతో పదిహేనేళ్లు నిండుతాయి. షోరూమ్ వాళ్లు దాని పేరు చెప్పే నిన్ను భయపెట్టారు. పదిహేనేళ్లు నిండగానే బండి తుక్కు కాదు రమణా. ఫారం 25 పెట్టి, బండి చూపించి, రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. రుసుము 1,000, దానికి పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ కలుస్తుంది. గడువు దాటితే నెలకు 300 చొప్పున అదనం. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, అంటే మనకు మే నెల. గుంటూరులో పాత బండ్లు కొని అమ్మే ముగ్గురిని అడిగాను. ఇదే మోడల్, ఒకే కుటుంబం చేతిలోది, అయిదేళ్ల ఆర్‌సీ ఉంటే 20,000, 21,000 దగ్గర తెగుతుందన్నారు. ఆరు నెలల ఆర్‌సీ ఉంటే అదే బండికి అయిదారు వేలు తగ్గించి అడుగుతున్నారు. ఆ రుసుములు కడితే అయ్యే పనికి అయిదారు వేలు వదులుకోవడం దేనికి?

బండి ఒంటి సంగతి నేనే వచ్చి చూస్తాను. నువ్వు రాసిన దాన్నిబట్టి వెనక టైరు అరిగింది, చైన్ సెట్ మార్చి చాలాకాలమైంది. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్లచక్రం) దగ్గర చైన్‌ని వేళ్లతో వెనక్కి లాగి చూడు. పళ్లు సగం బయటపడితే చైన్ సాగిపోయినట్టే. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ని నాలుగుసార్లు కిందికి నొక్కి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాన్ని తెల్లగుడ్డతో తుడువు. గుడ్డకు నూనె జిడ్డు అంటితే ఆయిల్ సీల్ పోయింది. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు, అన్నీ కలిపినా మూడు, మూడున్నర వేలు. భయపడాల్సింది ఇంజిన్ గురించే. బండి చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు కిక్కులకే అందుకుని, సైలెన్సర్ నుంచి నీలం పొగ రాకపోతే పిస్టన్ రింగులు బాగున్నట్టే. కొనేవాళ్లు వచ్చే ముందు చాలామంది బండిని వేడి చేసి పెడతారు, అందుకే నేను ముందు సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. మీటరు చూపే కిలోమీటర్లను కూడా నేను అంతగా నమ్మను. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, బ్రేకు పెడల్, కిక్ రాడ్డు రబ్బరు ఎంత అరిగాయో చూస్తే బండి ఎంత తిరిగిందో తెలిసిపోతుంది. నాన్నగారు రబ్బర్లు మార్చేవారు కాదు కాబట్టి అవి నిజమే చెబుతాయి.

ఇంజిన్ బాగుంటే, కాగితాలు సరిచేశాక, టైరు, చైన్ ఖర్చు వాళ్లకే వదిలేసినా 17,000 కన్నా తక్కువకు ఇవ్వకూడదని నా మాట. ఇవాళ ఉన్నదున్నట్టు ఇస్తే 12,000 దాటదు, అదీ నిజమే. ఆ తేడా అంతా నువ్వు ఆర్టీవో ఆఫీసుకి తిరిగే రెండు మూడు పూటల్లో ఉంది. కొత్త బండి ఉద్యోగానికి వెంటనే కావాలంటే తీసుకో, పాతదాన్ని దానితో ముడిపెట్టకు. మే దాకా ఇంట్లో ఉంచు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రం మధ్యలో తెగనివ్వకు.

అమ్మకి బండి ఇవ్వడం ఇష్టం లేదని చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశావు. దాని గురించి ఉత్తరంలో రాయలేను, అమ్మతోనే కూర్చుని మాట్లాడతాను. ఆమె వద్దంటే నా లెక్కలన్నీ పక్కన పెట్టేద్దాం. ఎటూ పేరు మార్చడం, గడువు పొడిగించడం ఉంచుకున్నా చేయాల్సిన పనులే.

కనుమ వెళ్లాక వచ్చే ఆదివారం మొదటి బస్సుకి తెనాలి వస్తాను. పిల్లలకి అరిసెలు తెస్తున్నానని చెప్పు. నేను వచ్చేదాకా ఆ పొద్దున బండి స్టార్ట్ చేయకు.

నీ
శ్రీను