పడమటి హద్దుకు కొమ్మలు పంపండి

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచాం, పుస్తకాలు పంచాం. పరీక్షల సంగతి వచ్చే నెల రాస్తాను. ఈసారి పడమటి హద్దు గురించే చెప్పాలి. అక్కడ ప్రహరీ లేదు. ముళ్ల తీగ కట్టించమని కొందరు అడిగారు గానీ, బంతి వెనక పిల్లలు పరిగెత్తే చోట ముళ్లు పెట్టడం నాకిష్టం లేదు. ఈ వానలకు పచ్చని కంచె వేద్దాం.

డబ్బులు వద్దు, కవర్ మొక్కలూ కొనక్కర్లేదు. మీ గట్ల మీది వావిలి, పెరట్లోని గోరింట కొమ్మలు చాలు. వావిలిని మేకలు సాధారణంగా ముట్టవు, కనుక బయటి వరుస అదే. బాలింత స్నానానికి ఆకు వెతుక్కునేవాళ్లకూ దగ్గరవుతుంది. లోపలి వరుస గోరింట. ఆషాఢం వస్తే పిల్లలు దాన్ని బోడి చేస్తారని తెలుసు. చేయనివ్వండి, తుంచినకొద్దీ గుబురుగా చిగురిస్తుంది.

గిరిపుష్పం మాత్రం పంపకండి. పొలానికి పచ్చిరొట్టగా మంచిదే. కానీ దాని గింజలు, బెరడు విషం. మన ఒకటో తరగతి వాళ్లు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు.

కొమ్మ బొటనవేలంత లావు, జానెడున్నర పొడవు ఉండాలి. కింది కొన ఏటవాలుగా, పై కొన అడ్డంగా కోయండి, అప్పుడు ఎవరూ తలకిందులుగా నాటరు. కోసిన రోజే తడి గోనెసంచిలో చుట్టి పంపండి.

ఆటస్థలం అంచున టేకు స్టంపులు నాటుతాం. నర్సరీలో ఏడాది పెంచిన మొక్కను పీకి, తల్లివేరు జానెడు, కాండం రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి, పక్క వేర్లు తీసేస్తారు. చూడ్డానికి ఎండు ముల్లంగిలా ఉంటుంది. ‘ఇది బతుకుతుందా టీచర్?’ అని పిల్లలు అడగక మానరు. బతుకుతుంది. ఆకులే లేవు కాబట్టి నీరు ఆవిరైపోదు, వేరులో దాచుకున్న తిండితోనే చిగురు వేస్తుంది. గడ్డపారతో నిలువు గుంత చేసి, వేరు మెలిపడకుండా దించి, చుట్టూ మట్టిని మడమతో గట్టిగా తొక్కాలి. సందు మిగిలితే వేరు ఎండిపోతుంది.

వచ్చే శనివారం ఉదయం 8 గంటలకు మొదలుపెడతాం. నేల జానెడు లోతు తడవకపోతే వాయిదా వేస్తాం. గడ్డపారలున్న నాన్నలు తెచ్చి, మీరే తవ్విపెట్టండి. పిల్లల చేతికి వాటిని ఇవ్వం. మేకలు కాసేవాళ్లకు ఒక మనవి: దసరా దాకా మందను చెరువు గట్టు దారిన తోలుకెళ్లండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు