కాగితపు నమూనాల బృందం, విజయవాడ: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా ప్రకాశం బ్యారేజీ చుట్టూనే తిరిగింది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. 500వ వంతుకు కుదించినా దాదాపు 2.45 మీటర్లు వచ్చింది. సత్యనారాయణపురంలో మనం కూర్చునే మేడగదిలో బల్లలన్నీ గోడవారగా కలిపి వేసుకోవాల్సి వచ్చింది.

మొదటి ప్రయత్నం పాడైంది, దాచడానికేం లేదు. జిరాక్సు షాపులో కొన్ని పేజీలు 'ఫిట్ టు పేజ్'లో, అంటే కాగితానికి సరిపోయేలా సైజు మారిపోయి వచ్చాయి. స్తంభాలు ఒక సైజు, పైన రోడ్డు ఇంకో సైజు! తప్పు షాపు వాళ్లదే అన్నారు చాలామంది. స్కేలు పెట్టి చూసుకోకుండా కత్తి పట్టింది మాత్రం మనమే. ఇప్పుడు ప్రతి పేజీ మూలనా 10 సెంటీమీటర్ల గీత పెడుతున్నాం. ప్రింటయ్యాక అది కొలిచి సరిపోతేనే కోత.

రెండోసారి చిక్కు మడతల దగ్గర. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) అట్టను ఊరికే మడిస్తే అంచు చిట్లుతుంది. లేజర్ ప్రింటయితే రంగు రాలి తెల్లగీత తేలుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్టీలు స్కేలు వారగా గీసి మడిచాం. దాంతో గాటు పడదు, గాడి పడుతుంది. లోపలికి మడవాల్సిన చోట గీత రెండు కొసల్లో సూదితో పొడిచి, వెనకవైపు నుంచి గీసుకోవాలి. అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసొచ్చింది పోగు సంగతి, అంటే అట్టలో నారలు సాగే దిశ. అట్టను అటూ ఇటూ వంచి చూడండి, ఏ మడత తేలిగ్గా వంగితే పోగు దాని వెంటే ఉన్నట్టు. పొడవు మడతలు పోగు వెంట పడేలా ముక్కలు పేర్చి, మూడోసారి ప్రింటు తీశాక గానీ రోడ్డు తిన్నగా నిలవలేదు.

కోతలో లోపలి కంతలు ముందు, బయటి అంచు ఆఖరున. వంపుల దగ్గర తిప్పాల్సింది కత్తిని కాదు, కాగితాన్ని. బ్లేడు మొన మొద్దుబారితే విరిచేయండి. పొదుపు చేయబోయి అట్ట చింపుకున్నవాళ్లు మనలోనే ఉన్నారు.

ఫెవికాల్ ఎక్కువైతే అట్ట నీరు పీల్చి వంకర్లు పోతుంది. టూత్‌పిక్ మొనతో, అంటించే చెవులకు మాత్రమే పలచగా రాయాలి. మే నెలలో ఫ్యాను వేస్తే ముక్కలెగిరేవి, ఆపితే చెమట చుక్కలు ఇంక్‌జెట్ ప్రింటు మీద పడేవి. 70 గేట్లూ పిల్లలే చేశారు. తెల్లగా కనబడే కోత అంచులకు స్కెచ్‌పెన్ పూసి మరీ అంటించారు. పెద్దల ముక్కలకు ఆ ఓపిక లేదు, దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది.

ఖర్చులో ఎక్కువ భాగం అట్టలకూ, మూడుసార్ల ప్రింటింగుకే పోయింది. లెక్కలు సభలో చదువుతాం. వచ్చే ఏడాదికి కొందరు కొండపల్లి కోట అంటున్నారు, కొందరు నాలుగంతస్తుల ఉండవల్లి గుహలు. ఆ రాతి వంపులకు కాగితం లొంగుతుందా అన్నదే నా అనుమానం. సభలో తేల్చుకుందాం.

స్టీలు స్కేళ్లు రెండు కనబడటం లేదు. తీసుకెళ్లినవారు వచ్చేటప్పుడు తేగలరు.

ఇట్లు,
కార్యదర్శి