కుట్టుకు ఒక గంట, కూర్చోవడానికి ఒక చోటు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికే అని కాదు, ఏ పత్రికలో మహిళల పేజీ తిరగేసినా తరచూ ఒక సలహా కనిపిస్తుంది. టెన్షన్ తగ్గాలంటే ఏదైనా హాబీ పెట్టుకోండి, అల్లికలో కుట్లో మొదలుపెట్టండి, మనసు తేలికపడుతుంది అని. సలహా మంచిదే. చాలా ఏళ్లుగా క్రాస్ స్టిచ్ కుడుతున్నదాన్ని కాబట్టి అందులో నిజముందని నేనూ చెబుతాను. కానీ ఆ గంటసేపు పొయ్యి దగ్గర ఎవరుంటారు, పెద్దవాళ్లకు మాత్రలు ఎవరిస్తారు, తలుపు కొడితే ఎవరు లేస్తారు అన్నది మాత్రం ఏ వ్యాసంలోనూ ఉండదు. దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

క్రాస్ స్టిచ్ తెలియనివారికి రెండు మాటలు. గళ్లు గళ్లుగా నేసిన బట్ట మీద ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ మార్కు వేసుకుంటూ బొమ్మ తీయడం, అంతే. ఆ బట్టను మేం మ్యాటీ అంటాం. ఇంకాస్త సన్నరకం కావాలంటే ఐడా. ధార్వాడ వైపు కసూతి అనే ఎంబ్రాయిడరీ పనిలో ఇదే కుట్టును మెంతి అంటారు, మెంతిగింజల్లా కనిపిస్తుందని. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా అని లెక్కపెట్టి సంక్రాంతికి ముగ్గు వేయగల ఎవరికైనా ఇది వచ్చేస్తుంది. బొమ్మ గీయడం రానక్కర్లేదు, గళ్లు లెక్కపెట్టడం వస్తే చాలు. నాకు బొమ్మలు రావు. అందుకే ఇందులో పడ్డాను.

వచ్చిన చిక్కల్లా కాలంతోనే. అంగుళానికి 14 గళ్లుండే ఐడా మీద 10 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్న బొమ్మను నిండుగా కుట్టాలంటే 15,680 ఇంటూలు పడతాయి. నా చేతికి గంటకు నూట పది పడితే ఆ రోజు బాగా సాగినట్టు. అంటే ఒక్క బొమ్మకు 140 గంటల పైమాటే. రోజూ గంటసేపు దొరికినా నాలుగైదు నెలలు. ఆ గంట ఎక్కడినుంచి రావాలి?

జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. మావారు ఆ 88లో కూడా కొంత మిగిలిస్తారు. ఉదయం ఆరున్నరకు ఆయన మీ పేపరు పట్టుకుని వరండాలో కూర్చుంటే ఇంట్లో ఎవరూ పలకరించరు. పాలవాడొచ్చినా, కూరగాయల బండి వచ్చినా నేనే వెళ్తాను. ఆయన చదువుకుంటున్నారు కదా! మధ్యాహ్నం నేను కుట్టే బట్టను బిగించుకునే రింగు చేతిలోకి తీసుకుంటే మాత్రం "ఊరికే కూర్చున్నావుగా, కాస్త ఆ గ్యాస్ బుక్ చెయ్యి" అంటారు. ఈ ఉత్తరం అచ్చయితే ముందు చదివేది ఆయనే. చదవనివ్వండి.

మా అమ్మది నరసాపురం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల ఇంటింటా లేసు అల్లేవారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి సంతోషించాను. అమ్మ తరం వాళ్లు వంట, గొడ్ల పని ముగించుకుని అరుగు మీద కూర్చుని, పొద్దు వాలేదాకా అల్లేవారు. ఏజెంటు దారం ఇచ్చి, అల్లింది తీసుకుని, కూలి లెక్కకట్టేవాడు. ఆ డబ్బుతో మా పుస్తకాలు వచ్చేవి. అయినా ఎవరైనా అడిగితే మా ఇంట్లో మగవాళ్లు చెప్పే జవాబు ఒకటే: "ఏదో తీరిక వేళ అల్లుకుంటుంది." అమ్మకు అది ఏనాడూ సరదా కాదు. నేను మొదటిసారి క్రాస్ స్టిచ్ చిలకలు కుట్టి చూపిస్తే "ఎంతిస్తారే దీనికి?" అని అడిగింది. ఎవరూ ఏమీ ఇవ్వరమ్మా, నాకోసమే అన్నాను. "మరెందుకే కళ్లు పోగొట్టుకోవడం?" అంది.

కూలి సంగతి పక్కనపెడితే, కళ్ల గురించి అమ్మ అన్నదాన్ని కొట్టిపారేయలేం. సన్నపని చేస్తే చూపు పోతుందన్నది నిజం కాదని కంటి డాక్టరుగారు చెప్పారు. అయితే రెప్ప వేయడం మరిచిపోయి ఒకేచోట చూస్తుంటాం కాబట్టి కళ్లు ఎండిపోయి మండుతాయి, తలనొప్పి వస్తుంది. నలభై దాటాక చత్వారం ఎలాగూ వస్తుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి, ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. అద్దాల కొట్లో దగ్గరి చూపు పరీక్ష మామూలుగా 40 సెంటీమీటర్ల దూరంలో అట్ట పెట్టి చేస్తారు. పుస్తకానికి ఆ లెక్క సరిపోతుంది. కుట్టేవాళ్లం రింగును అంతకంటే దగ్గర పట్టుకుంటాం. కాబట్టి మీరు కూర్చునే పద్ధతిలో కూర్చుని, కంటికీ బట్టకూ మధ్య దూరం టేపుతో కొలిపించుకుని, ఆ అంకె డాక్టరుకు చెప్పండి. కుట్టుకు వేరే జోడు రాసిస్తారు. రెండు చూపులూ ఒకే అద్దంలో ఉన్న కళ్లజోడుతో కుడితే, కింది భాగంలోంచి చూడటానికి గడ్డం ఎత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా పరీక్ష ఎలాగూ చేయించుకోవాలి, కుట్టినా కుట్టకపోయినా.

నాకు షుగర్ ఉంది. దాంతోపాటే కుడిచేతి ఉంగరం వేలు తెల్లారి మడిచాక తెరుచుకోకుండా పట్టేసేది. బలవంతంగా లాగితే టక్కున తెరుచుకునేది. ట్రిగ్గర్ ఫింగర్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువట. సూది వల్లే వచ్చిందని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. ఇంతకాలం రుబ్బిన పిండి, పిండిన దుప్పట్లు ఎవరికీ గుర్తు రాలేదు! డాక్టరుగారు కుట్టు మానమనలేదు. వేలికి కొన్నాళ్లు పట్టీ వేసుకుని ఆపమన్నారు, తర్వాత కొద్దికొద్దిగా మొదలుపెట్టమన్నారు, రింగును గట్టిగా పిసికి పట్టుకోవద్దన్నారు. ఇప్పుడు రింగును బల్ల అంచుకు ఆనించి, మోచేతి కింద దిండు పెట్టుకుని కుడతాను. లైటు ఎడమవైపు ఉండాలి, లేకపోతే కుడిచేతి నీడ గళ్ల మీదే పడుతుంది. నల్ల బట్ట అయితే ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుంటే కన్నాలు కనిపిస్తాయి.

ఎంతసేపు కుట్టాలన్నదానికి నేను గడియారం చూడను. మూరెడు దారం ఎక్కిస్తాను. రెండు పోగులతో ఆ మూరెడూ అయ్యేసరికి నలభై దాకా ఇంటూలు పడతాయి, ఇరవై నిమిషాలు గడుస్తాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పే మాట ఉంది కదా, దారం అయినప్పుడల్లా కిటికీలోంచి పక్కింటి కొబ్బరిచెట్టు చూస్తాను. లేచి నాలుగడుగులు వేస్తాను. అంతకంటే పొడుగు దారం ఎక్కిస్తే పని తొందరగా అవుతుందని అందరూ అనుకుంటారు. ముడులు పడి, దారం నూగు లేచి, అవ్వాల్సిన పని కూడా అవ్వదు.

వంట మధ్యలో మాత్రం కుట్టడం పెట్టుకోవద్దు. కుక్కరు విజిల్స్ లెక్కా, గళ్ల లెక్కా ఒక బుర్రలో ఇమడవు. పైగా పసుపు చేత్తో తెల్ల మ్యాటీ ముట్టుకుంటే ఆ మరక ఏ సబ్బుకూ లొంగదు. కొట్లో ఎరుపు, మెరూన్ దారాలు కొన్నప్పుడు ముందు తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి, రంగు దిగితే పక్కన పెట్టేయండి. ఆపేటప్పుడు రింగు తీసేయాలి. మా డెల్టా గాలిలో రింగు స్క్రూ, సూది రెండూ తుప్పుపట్టి బట్ట మీద గోధుమరంగు మచ్చ వేస్తాయి.

ఇంటి పనులున్నప్పుడు కుట్టు ఆగిపోతుంది, దానికి బాధపడనక్కర్లేదు. పోయినేడు హాల్లో గోడ చెమ్మెక్కి, ప్లాస్టరింగ్ కొట్టించి, రంగులు వేయించే సరికి ఎండాకాలమంతా అయిపోయింది. మేస్త్రీ రానినాడు ఎదురుచూపు, వచ్చిననాడు టీలు, భోజనాలు, ఊడ్చుకోవడం. నా సంచి అన్నాళ్లూ మేకుకు వేలాడింది. అయితే ఆ పని పుణ్యమా అని ఒకటి నేర్చుకున్నాను. గోడకు అంటుకునేలా ఫ్రేము కట్టించి పెడితే చెమ్మ వెనకనుంచి బట్టకు పట్టి బూజొస్తుంది. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. నన్నడిగితే అసలు అన్నీ ఫ్రేము కట్టించకండి. ఫ్రేముకు పెట్టే డబ్బుతో ఏడాదికి సరిపడా దారం వస్తుంది. నేను ఇప్పుడు దిండు గలేబులకు, టీవీ మీద కవరుకు, మనవరాలి గౌను అంచుకే ఎక్కువ కుడుతున్నాను. వాడుకుంటే అరుగుతాయి, అరగనివ్వండి.

ఇక గంట దొరికిన సంగతి. అడిగితే దొరకలేదు. మా అత్తగారి వల్ల దొరికింది. ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సరిగా ఆడదు. వేళ్లకు పని చెప్పమని ఫిజియోథెరపిస్టు అంటే, నా దారాలు అట్టముక్కలకు చుట్టమని ఇచ్చాను. మొదట వంకరటింకరగా చుట్టేవారు, ఇప్పుడు ఛాయల వారీగా వరస పెడుతున్నారు. ఆకుపచ్చల్లో తేడా నాకంటే ఆవిడకే బాగా తెలుసు. మధ్యాహ్నం రెండింటికి మాత్రలు వేసుకున్నాక "ఏమ్మా, పని మొదలెడదామా" అని ఆవిడే పిలుస్తారు. వాళ్లమ్మ నోట ఆ మాట వినబడితే మావారు గ్యాసు గొడవ ఎత్తరు, టీ కూడా ఆయనే పెట్టుకుంటున్నారు. పంచదార డబ్బా ఎక్కడుందో తెలుసుకోవడానికి మాత్రం కొంత కాలం పట్టింది.

అందరి ఇళ్లలో ఇలాంటి అత్తగారు ఉండరు. ఇంట్లో కూర్చున్నంతసేపూ ఇల్లు పిలుస్తూనే ఉంటుంది. కాబట్టి నా విన్నపం రెండు రకాలు.

మొదటిది మీకే. ఒకప్పుడు వారపత్రికల్లో ముగ్గులతోపాటు ఎంబ్రాయిడరీ డిజైన్లు వచ్చేవి. అమ్మమ్మలు కత్తిరించి దాచుకునేవారు. ఆదివారం అనుబంధంలో నెలకొకటైనా గళ్ల చార్టు వేయండి. రంగుల్లో వద్దు, అచ్చులో రంగు అటూ ఇటూ జరిగితే ఏ గడి ఏదో తెలియదు. నలుపు తెలుపులో గుర్తులతో, పెద్ద గళ్లతో, చత్వారం ఉన్నవాళ్లకు కనబడేలా వేయండి. మన ముగ్గులు, మన చీర అంచులు, మామిడిపిందెలు చాలు.

రెండోది గ్రంథాలయ సంస్థల వారికి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం ఉంది. ఆ సుంకం 1960 నాటి చట్టం నుంచీ ఉన్నదే, ఆడవాళ్ల ఇళ్లకూ ఉన్నదే. శాఖా గ్రంథాలయాలు చాలాచోట్ల ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచి, మాకు వీలయ్యే మధ్యాహ్నం వేళ తాళం వేసి ఉంటాయి. వారానికి ఒక్క మధ్యాహ్నం, రెండింటినుంచి నాలుగింటిదాకా తెరవండి. కిటికీ పక్కన ఒక పొడుగు బల్ల, చేతులు ఆనించుకునే కుర్చీలు, ఒక ఫ్యాను ఉంటే చాలు. కుట్టేవాళ్లు కుడతారు, లేసు అల్లేవాళ్లు అల్లుకుంటారు, ఏమీ రానివాళ్లు పుస్తకం చదివి వినిపిస్తారు. పిల్లలను తీసుకొస్తే బాలల పుస్తకాల బీరువా ఎలాగూ ఉంది. మగవాళ్లు వచ్చి నేర్చుకుంటామన్నా మాకేమీ అభ్యంతరం లేదు.

మా ఊళ్లో ఇది మొదలుపెడతామంటే మ్యాటీ ముక్కలు, మొన లేని సూదులు, కొత్తవాళ్లకు సరిపడా దారం నేను తెస్తాను. సోమవారం తప్ప ఏ రోజైనా సరే. సోమవారం అత్తగారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా